శిక్షణ ఉపాధ్యాయులకు, సెలవు బడికి కాదు

కాంప్లెక్స్ సమావేశమో (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా ఒకచోట కలిసేది) శిక్షణ కార్యక్రమమో ఉన్నదంటే, ముందురోజు రాత్రి నా ఫోను మోగడం ఖాయం. "సారూ, రేపు బడి ఉన్నదా, లేదా?" అని అడిగేవారిలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు ఉంటారు, ఇళ్లలో పనిచేసే తల్లులు ఉంటారు, ఆటో నడిపే తండ్రులు ఉంటారు. హైదరాబాద్ ప్రభుత్వ బడుల్లో రెండు దశాబ్దాలుగా పాఠాలు చెబుతూ, మధ్యలో కొన్నేళ్లు రిసోర్స్ పర్సన్‌గా తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినవాడిని కనుక, ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. అడిగేవారి మీద నాకు విసుగు లేదు; ఒక రోజు కూలి పోతే ఇంటి లెక్క తప్పే మనుషులు ముందుగా కనుక్కోవడంలో తప్పేముంది? నా విసుగంతా, ఎవరో పంపిన "రేపు సెలవు" సందేశాన్ని చదవకుండానే నాలుగు గ్రూపుల్లోకి తోసి నిశ్చింతగా నిద్రపోయేవారి మీద.

అపోహ: ఉపాధ్యాయులకు శిక్షణ ఉంటే ఆ రోజు బడికి సెలవు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కనుక దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. శిక్షణకు వెళ్లిన ఉపాధ్యాయుడు విధిలో ఉన్నట్లే లెక్క. హాజరు పట్టికలో ఆయన పేరు ఎదుట 'ఓడీ' (ఆన్ డ్యూటీ) అని పడుతుంది తప్ప సెలవు అని పడదు. బడి కూడా మామూలుగానే నడుస్తుంది. పనిదినాల్లో శిక్షణ పెట్టవలసి వచ్చినప్పుడు అందరినీ ఒకేసారి పిలవకుండా, ఉన్నత పాఠశాలల వారిని సబ్జెక్టుల వారీగా, ప్రాథమిక పాఠశాలల వారిని సగం మంది ముందు, సగం మంది తర్వాత అన్నట్లు విడతలుగా పిలవడం ఆనవాయితీ. ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడికి పక్క బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తారు, లేదా సీఆర్పీని, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను, పంపుతారు. ఆ రోజు మధ్యాహ్న భోజనం కూడా ఉంటుంది.

ప్రాథమిక తరగతుల కోసం తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పుడు, చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు పిల్లలకు పట్టుబడేలా ఎలా చెప్పాలన్న దానిపై ప్రాథమిక ఉపాధ్యాయులకు విడతలుగా శిక్షణ ఇచ్చారు. మా బడి నుంచి ఇద్దరు వెళ్లగా ముగ్గురం ఉన్నాం. ఆ రోజు మూడో తరగతి గదిలో నాలుగు బల్లలు కూడా నిండలేదు. వ్యాను దించిపోయిన స్టీలు డబ్బాల్లో అన్నం, సాంబారు మాత్రం ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి; వడ్డించే ఆమె గరిటె పట్టుకుని గేటు వైపు చూస్తూ నిలబడింది. నాలుగో రోజున ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "గ్రూపుల వచ్చింది సారూ, మూడు దినాలు ట్రైనింగని. మొదటి దినం నేనే పనికి పోలే. రెండో దినం మేస్త్రీ ఊకోలే, పిల్లను గూడ తీస్కపోయిన" అన్నది. కొండాపూర్‌లో కడుతున్న భవనం దగ్గర ఇసుక కుప్ప మీద రెండు రోజులు ఆడిన ఆ పిల్ల అరచేతులు సిమెంటు తగిలి పొట్టు లేచి ఉన్నాయి. ఒక రోజు కూలి, మూడు పూటల భోజనం, మూడు రోజుల చదువు: ఎవరో నొక్కిన ఒక్క ఫార్వర్డ్ ఖరీదు అది. అప్పటి నుంచి శిక్షణ ఉన్న ప్రతిసారీ ముందురోజు సాయంత్రమే గేటు పక్కన నల్లబల్ల మీద "రేపు బడి ఉంది, భోజనం ఉంది" అని రాసి పెడుతున్నాను.

శిక్షణ అంటే చాయ్ తాగి బిస్కెట్లు తిని రావడమే అనే మాట కూడా తరచుగా వింటాను. కొన్ని శిక్షణలు నిజంగానే అలా జరిగాయి. తెర మీద ఉన్న వాక్యాలను అక్షరం పొల్లుపోకుండా చదివి కూర్చునే రిసోర్స్ పర్సన్లను నేను చూశాను, తొలి ఏడాది నేనూ అదే చేశాను. అయితే ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ గంటల్లో ఎక్కువ భాగాన్ని వేసవిలో పెడితే పిల్లల రోజులు మిగులుతాయి. 2025 మే నెలలో, బడులు మూసి ఉన్న సమయంలో, విడతకు ఐదు రోజుల చొప్పున మన రాష్ట్రంలో శిక్షణ ఇచ్చింది అందుకే. ఎండాకాలం సెలవులన్నీ ఉపాధ్యాయులు ఇంట్లోనే గడుపుతారనుకునేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అపోహ: ప్రభుత్వ సెలవుల జాబితాలో పేరుంటే ఆ రోజు బడి ఉండదు.

వాస్తవం: సాధారణ పరిపాలన శాఖ ఏటా ఇచ్చే ఉత్తర్వులో రెండు జాబితాలు ఉంటాయి. సాధారణ సెలవుల నాడు బడి మూసి ఉంటుంది. ఐచ్ఛిక సెలవు ఉద్యోగి వ్యక్తిగతంగా వాడుకునేది. ఏడాదికి ఐదుకు మించకుండా, ముందుగా అనుమతి పొంది తీసుకోవాలి. ఒక ఉపాధ్యాయురాలు ఐచ్ఛిక సెలవు పెట్టినంత మాత్రాన తరగతి రద్దు కాదు. గ్రూపుల్లో తిరిగే ఫొటోల్లో సాధారణంగా అది ఏ జాబితానో తెలిపే శీర్షిక కత్తిరించి ఉంటుంది, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాద్ వంటి పండుగల తేదీలు నెలవంకను బట్టి మారవచ్చు కనుక, జనవరిలో గోడకు అంటించుకున్న క్యాలెండరునే నమ్ముకోకూడదు.

అపోహ: అదనంగా ఇచ్చిన సెలవు ఊరికే వచ్చిన సెలవు.

వాస్తవం: చాలాసార్లు అది అప్పుగా ఇచ్చిన సెలవు. 2024 సెప్టెంబర్ 17న గణేశ్ నిమజ్జనానికి జంట నగరాల్లోనూ పరిసర జిల్లాల్లోనూ సెలవు ఇచ్చిన ప్రభుత్వం, దానికి బదులుగా నవంబర్ 9, రెండో శనివారాన్ని పనిదినంగా ప్రకటించింది. అదే ఏడాది జనవరి 1 సెలవుకు బదులు ఫిబ్రవరి 10, రెండో శనివారం పనిచేశాం. సెలవు వార్త క్షణాల్లో ఊరంతా పాకుతుంది, బదులు పనిదినం సంగతి మాత్రం ఎవరికీ చేరదు. ఆ శనివారాల్లో తరగతి గదులు బోసిపోతాయి, రాని పిల్లలకు గైర్హాజరు పడుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు తప్పనిసరి కనుక, ఇచ్చిన రోజును ఎక్కడో ఒకచోట తిరిగి తీసుకోవలసిందే.

అపోహ: వాన సెలవు ప్రకటిస్తే అది నగరమంతటికీ వర్తిస్తుంది.

వాస్తవం: కలెక్టర్ ప్రకటించే సెలవు ఆయన జిల్లాకే పరిమితం, మన నగరమేమో పలు జిల్లాల్లో పరచుకుని ఉంది. అమీర్‌పేట హైదరాబాద్ జిల్లాలోది, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరిలోది, శేరిలింగంపల్లి రంగారెడ్డిలోది. బోరబండలో ఇల్లుండి మూసాపేటలో బడి ఉంటే, చూడవలసింది బడి ఉన్న జిల్లా ఉత్తర్వునే. ఆంధ్రప్రదేశ్‌లోని ఏదో జిల్లా ఉత్తర్వును మనదిగా భావించి పిల్లలను ఇంట్లో ఉంచిన తల్లిదండ్రులు కూడా నాకు తెలుసు. ఉత్తర్వులో జిల్లా పేరు, తేదీ, సంతకం ఉన్నాయో లేవో ఒక్కసారి చూస్తే ఆ పొరపాటు జరగదు.

మిగిలినవి రెండు మాటల్లో చెబుతాను. నాలుగో శనివారం సెలవు బ్యాంకులకు, బడులకు కాదు. సాధారణంగా మార్చి 15 నుంచి నడిచే ఒంటిపూట బడి కూడా పూర్తి పనిదినమే, ఇంటికి పంపే ముందు పిల్లలకు భోజనం పెడతాం. సంఘాలు బంద్‌కు పిలుపునిస్తే కొన్ని ప్రైవేటు బడులు ముందు జాగ్రత్తగా మూసుకుంటాయి, అది ప్రభుత్వ సెలవు కాదు. ఉపాధ్యాయ దినోత్సవం, బాలల దినోత్సవం కూడా పనిదినాలే. సెప్టెంబర్ 5న పెద్ద తరగతుల పిల్లలు చీరలు కట్టుకుని, చేతిలో సుద్దముక్కలతో మా పాఠాలు మాకే చెబుతారు.

ఇంత చెప్పాక కూడా సందేహం ఉంటే మీ బడి ప్రధానోపాధ్యాయుల నంబరు దగ్గర ఉంచుకుని వారినే అడగండి. రాత్రి తొమ్మిది దాటినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ వేళకు మేము మరుసటి రోజు ఎవరెవరు శిక్షణకు వెళతారో, ఎవరి తరగతి ఎవరు చూస్తారో ఇంకా తేల్చుకుంటూనే ఉంటాం.