వాలుగా పడినా గుండ్రటి గుంతే

చందమామ మీద గుంతలు దాదాపు అన్నీ గుండ్రంగానే ఎందుకుంటాయి? ఆకాశంలోంచి వచ్చే రాళ్లు నిట్టనిలువుగా పడేది చాలా అరుదు, ఎక్కువగా వాలుగానే వస్తాయి. తడి మట్టిలోకి గులకరాయిని వాలుగా విసిరి చూడండి, కోలగా చీరుకుపోయిన గాడి పడుతుంది. 1890ల్లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్‌ను తికమక పెట్టిందీ ఇదే. అవి అగ్నిపర్వతాల నోళ్లు కావు, రాళ్లు ఢీకొన్న చోట్లేనని ఆయన వాదించాడు గానీ, ఈ గుండ్రదనం ఆయనకు కొరుకుడు పడలేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చాలామంది అగ్నిపర్వతాల వైపే మొగ్గారు.

జవాబు ప్రకాశం జిల్లా క్వారీల్లో పనిచేసేవాళ్లకు ఇట్టే తట్టాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి సంగతి వేరు, పగుళ్లొస్తే ధర పోతుంది కాబట్టి దాన్ని ఒద్దికగా కోసి తీస్తారు. కంకర క్వారీలో అయితే బండకు బెజ్జాలు వేసి, మందు కూరి పేల్చేస్తారు. ఆ మందును ఏ దిక్కునుంచి మోసుకొచ్చారో బండకు అనవసరం. పేలిన చోటునుంచి దెబ్బ అన్ని వైపులకూ పోతుంది.

చంద్రుడి మీద పడే రాయి చేసేదీ అదే. దాని వేగం సగటున సెకనుకు 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే నెల్లూరు నుంచి ఒంగోలుకు ఆరు సెకన్లు! ఆ వేగంలో ఒక్క కిలో రాయిలో ఉండే శక్తి సుమారు 48 కిలోల టీఎన్‌టీ పేలుడుతో సమానం. నేల తగలగానే రాయి నలిగి, చాలావరకు కరిగి ఆవిరైపోతుంది. గుంతను తవ్వేది రాయి కాదు, అక్కణ్ణుంచి పుట్టిన ఆఘాత తరంగం, అంటే దెబ్బకు రాతిలో పుట్టే అల. అందుకే గుంత రాయికన్నా పది ఇరవై రెట్లు వెడల్పుగా ఉంటుంది. మరీ నేలను రాసుకుంటూ, 15 డిగ్రీలకన్నా తక్కువ వాలులో వస్తేనే కోలగా మారుతుంది. మెసియర్ అనే గుంత అలాంటిదే.

లోపలి రాయి పైకెగిరి అంచు బయట బోర్లా పడుతుంది. అంటే అంచు మీది పొరలు తలకిందులు: అడుగున ఉండాల్సింది పైన ఉంటుంది. ఇంకా దూరం ఎగిరిన పొడి తెల్లటి చారలుగా పరుచుకుంటుంది. గుంత పెద్దదైతే మరో విడ్డూరం జరుగుతుంది. నొక్కుకుపోయిన అడుగు తిరిగి పైకి లేచి, నడిమధ్య కొండగా నిలబడిపోతుంది. 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో అనే గుంతలో ఆ కొండ ఎత్తు సుమారు రెండు కిలోమీటర్లు. అంత కొండ లేవడానికి పట్టేది నిమిషాలే.

గాలీ వానా లేవు కాబట్టి అక్కడి గుంతలు చెరగవు. పాతవాటిని ఎక్కువగా కొట్టి చెరిపేది కొత్త గుంతలే. కోట్ల ఏళ్లుగా ఈ దెబ్బలు తిని తినే చంద్రుడి నేలంతా పొడి పొడి అయింది.

శ్రీహరికోట జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది గానీ, నెల్లూరు వాళ్లకు ఇప్పటికీ మనదే. అక్కణ్ణుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ నాలుగు మీటర్ల గుంత ఎదురై వెనక్కి మళ్లాల్సి వచ్చింది. అయినా అది పరీక్షించిన మట్టిలో ప్రధానంగా దొరికింది ప్లాజియోక్లేజ్ మెండుగా ఉండే రాతి పొడి. చీమకుర్తి రాయిలోనూ ఉండే ఖనిజమే అది! మెగ్నీషియం మాత్రం అనుకున్నదానికన్నా ఎక్కువ కనిపించింది. దక్షిణ ధ్రువం దగ్గరి 2,500 కిలోమీటర్ల అయిట్‌కెన్ గుంతను తవ్విన దెబ్బ, మెగ్నీషియం మెండుగా ఉండే లోతుల్లోని సరుకును అక్కడిదాకా విసిరేసి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. చంద్రుడికి బోరు వేయాల్సిన పని చాలావరకు ఈ రాళ్లే చేసి పెట్టాయన్నమాట.

గుంతలు చూడాలంటే పౌర్ణమి దండగ, నీడలుండవు. శుక్లపక్ష అష్టమినాడు మామూలు బైనాక్యులర్స్‌తో వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడండి. టైకో కోసం నవమిదాకా ఆగాలి. దాని చారలు మాత్రం పౌర్ణమికే బాగా తేలతాయి.