ఫాదర్లకు పెద్ద ఎవరు?

ఆదివారం జ్ఞానోపదేశం పిల్లలకు,

విచారణకు, అంటే ఒక చర్చి పరిధిలోని విశ్వాసులకు, ఫాదర్ గారు పెద్ద, ఆయనకు బిషప్ గారు పెద్ద, మరి దూరదేశాలకు సువార్త పనికి వెళ్లే మిషన్ సంఘాల ఫాదర్లకు పెద్ద ఎవరని అడిగారు. ఇద్దరున్నారు: బిషప్ గారు, సంఘం పెద్ద అయిన సుపీరియర్ గారు. తికమకంతా అక్కడే.

పీమే సంఘాన్ని చూద్దాం, మనకు దగ్గరిది. 1850లో ఇటలీలోని మిలాన్ దగ్గర, సరోన్నోలో ఆంజెలో రమజ్జొత్తి గారు మొదలుపెట్టిన సెమినరీ అది, అంటే మిషన్‌కు ఫాదర్లను తయారుచేసే బడి. 1852లో ఓషియానియా దీవులకు వెళ్లిన మొదటి జట్టు అక్కడ నిలదొక్కుకోలేకపోయింది. 1855లో హైదరాబాద్ మిషన్‌కు వచ్చారు. 1926లో రోమ్‌లోని మరో సెమినరీతో కలిశాక పీమే అనే పేరొచ్చింది. వరంగల్ మేత్రాసనానికి (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) మొదటి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా గారు ఈ సంఘం వారే.

వీళ్లు మఠవాసులు కారు. మఠవాసులు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటపట్లు (దేవునికిచ్చే ప్రమాణాలు) చేస్తారు. వీళ్లు బతికినంతకాలం మిషన్ పనిలో ఉంటామని వాగ్దానం చేస్తారు. అందుకే ఫాదర్ గారి పేరున సొంత ఆస్తి ఉండొచ్చు. తాత రాసిచ్చిన పొలం ఆయనదే. సంఘం ఫాదరని నమ్మి బడి కట్టమని ఎవరైనా లక్ష చేతిలో పెడితే మాత్రం అది ఆయనది కాదు. ఈ రెండూ ఒకే బ్యాంకు ఖాతాలో పడ్డాయా, ఇక గొడవే.

పూజ, జ్ఞానోపదేశం, విచారణ పనుల్లో ఫాదర్ గారు బిషప్ గారి మాట వినాలి. ఏ ఇంట్లో ఉండాలి, సెలవు ఎప్పుడు, జబ్బు చేస్తే ఎవరు చూడాలి, ఇవన్నీ సంఘం సుపీరియర్ గారి చేతిలో ఉంటాయి. అన్నిటికీ పైన ఉండేది సంఘం ప్రతినిధులు కూడే జనరల్ అసెంబ్లీ. సంఘం మొత్తానికి పెద్ద అయిన సుపీరియర్ జనరల్‌ను అదే ఆరేళ్లకు ఎన్నుకుంటుంది.

ఆ ఎన్నిక ఎలా జరుగుతుందో శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం వివరంగా చెప్పింది. సంఘం నియమావళిలో వేరే ఏర్పాటు లేకపోతే ఇదే పద్ధతి. నలభై మంది హాజరయ్యారనుకోండి, గెలవడానికి 21 ఓట్లు కావాలి. రెండుసార్లు చీటీలు వేసినా ఎవరికీ అన్ని రాకపోతే, మూడోసారి ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరి మధ్యే పోటీ. అదీ ఇరవై ఇరవై వస్తే వయసులో పెద్దాయన ఎన్నికైనట్టే. చీటీలు లెక్కపెట్టడానికి కనీసం ఇద్దరుంటారు. నలభై మంది వేసిన పెట్టెలో 41 చీటీలు తేలితే ఆ విడత మొత్తం రద్దు. ఓటరు అదే ఇంట్లో మంచం పట్టి ఉంటే లెక్కించేవాళ్లే గదికి వెళ్లి చీటీ తెస్తారు. తనకు గానీ, ఇంకొకరికి గానీ ఓట్లు అడగడం నిషేధం. మన పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది!

గెలిచినాయన ఒంటరిగా ఏలడు. పక్కన సలహామండలి ఉంటుంది. కొన్ని విషయాల్లో వాళ్ల సలహా అడిగితే చాలు, విన్నాక తాను వేరేలా నిర్ణయించొచ్చు, కానీ గట్టి కారణం ఉండాలి. సంఘం భూమిలో పెద్ద ముక్క అమ్మాలంటే సలహా సరిపోదు, సమ్మతి కావాలి. అది లేకుండా సంతకం పెడితే చెల్లదు. సమ్మతి కోసం అందరినీ పిలిచి కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరికి ఫోన్ చేసి "సరేనా ఫాదర్" అనిపించుకోవడం కూర్చోబెట్టడం కాదు. సుపీరియర్లు ఎక్కువగా జారేది ఇక్కడే. చెడ్డవాళ్లని కాదు, తొందర. ఇంకో గీత కూడా ఉంది: "నీ మనసులో ఏముందో చెప్పు" అని ఎవరి అంతరాత్మనూ సుపీరియర్ తవ్వకూడదు.

ఇక ఇల్లు. నలుగురు ఫాదర్లున్న ఇంట్లో చిన్న పుస్తకాలే కాపురాన్ని నిలబెడతాయి. నగదు పుస్తకం ఒకరి దగ్గర, సుపీరియర్ పదవి ఇంకొకరి దగ్గర ఉండాలి. వీలైనంతవరకు ఇద్దరూ వేరుగా ఉండాలని చట్టమే అంటుంది. జీపుకో పుస్తకం ఉండాలి: ఎవరు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, డీజిల్ ఎంత. అది రాయడం మానేసిన నెలలోనే "జీపు ఎప్పుడూ ఆయన దగ్గరే" అనే మాట పుడుతుంది. భోజనాల గదిలో ఒక పలక: రాత్రికి ఎవరు ఉండరో పొద్దున్నే రాయాలి. వంటమనిషి బియ్యం దాన్నిబట్టి పోస్తుంది, నలుగురూ ఒకరి క్షేమం ఒకరు తెలుసుకునేదీ దానివల్లే.

నా లెక్కలో ఇల్లు పాడయ్యే మొదటి గుర్తు తగాదా కాదు, కంచం గదిలోకి వెళ్లడం. ముందు పని ఎక్కువని ఒకరు, తర్వాత ఫోన్ ఉందని ఇంకొకరు. ఆరు నెలలకు ప్రతి గదిలో ఒక కెటిల్, ఒక చిన్న ఫ్రిజ్. తగాదా పడాలన్నా ఒకచోట కూర్చోవాలి కదా. అందుకే అనుభవజ్ఞులైన సుపీరియర్లు ఎంత పనున్నా రోజుకు ఒక పూట భోజనం, ఒక పూట ప్రార్థన కలిసే ఉండాలంటారు, నెలకోసారి లెక్కలు అందరి ముందూ చదువుతారు.

నిజంగా వేరుగా ఉండాల్సిన కారణం ఉంటే దారి లేకపోలేదు. సుపీరియర్ జనరల్ తన మండలి సమ్మతితో మూడేళ్లు మించకుండా బయట ఉండే అనుమతి ఇవ్వొచ్చు.

ఒక్కటి మరిచిపోవద్దు. మీ విచారణ ఫాదర్ గారు మేత్రాసన గురువైతే, అంటే ఏ సంఘంలోనూ చేరక నేరుగా బిషప్ గారి కింద పనిచేసేవారైతే, ఈ సుపీరియర్లు, అసెంబ్లీలు ఆయనకు వర్తించవు, ఆయనకు బిషప్ గారొక్కరే. ఏ కోవకు చెందినవారో వచ్చే ఆదివారం ఆయన్నే అడగండి.

మీ తాతయ్య