సర్వో మార్చాక స్టీరింగ్ కొట్టుకుంటోందా? ఆర్‌సీ ట్రక్కుల గురించి అపోహలు - వాస్తవాలు

"కొత్త సర్వో వేశానండీ. ఆ రోజు నుంచీ స్టీరింగ్ ఒకటే కొట్టుకుంటోంది. పీసే తేడాగా ఉన్నట్టుంది, మార్పిస్తే పోతుందంటారా?"

విజయవాడలో ఆర్‌సీ బళ్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న బళ్లు, బాగుచేసే నాకు ఫోన్లో ఎక్కువగా వినబడే మాట ఇదే. సర్వో అంటే ముందు చక్రాలని పక్కకు తిప్పే చిన్న మోటారు పెట్టె. గుంటూరు నుంచి, తెనాలి నుంచి బండి పట్టుకుని వచ్చేవాళ్లూ ఇదే చెప్తారు. నా దాకా వచ్చేసరికే చాలామంది ఒక సర్వో వెనక్కి పంపి ఇంకోటి తెప్పించుకుని ఉంటారు. అదీ కొట్టుకుంటుంది. అప్పుడు రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ మారుస్తారు, ఆ తర్వాత రిమోట్. ఆఖరికి బండి అటకెక్కుతుంది. ఇంత ఖర్చూ, ఇంత దిగులూ ఒకే ఒక్క అపోహ వల్ల. అందుకని దాని గురించే వివరంగా చెప్తాను. మిగతావాటికి అంత సీను లేదు.

అపోహ: సర్వో మార్చాకే మొదలైంది కాబట్టి తప్పు సర్వోదే

వాస్తవం: ఇలా వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి సర్వో శుభ్రంగా ఉంటుంది. దానికి కావాల్సిన కరెంటు అందడం లేదు.

బండి మోటారు వేగాన్ని అదుపుచేసే పెట్టె ఈఎస్‌సీ. అందులో బ్యాటరీ వోల్టేజీని దించి రిసీవర్‌కీ సర్వోకీ ఇచ్చే భాగం బీఈసీ. సర్వో తినే కరెంటు ఆ బీఈసీ నుంచే వస్తుంది. బండితో పాటు వచ్చే ఈఎస్‌సీల్లో ఈ బీఈసీ చాలావరకు 1 ఆంపియర్ నుంచి 3 ఆంపియర్ల లోపే. బండితో ఇచ్చిన ప్లాస్టిక్ గేర్ల సర్వోకి అది సరిపోతుంది. మీరు దాన్ని తీసేసి, పెట్టె మీద తిప్పే బలం 25 కేజీలు అని రాసున్న మెటల్ గేర్ డిజిటల్ సర్వో బిగించారు. కేజీలు చూశారు, ఆంపియర్లు చూడలేదు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల్లో వాడే ఎంజీ996ఆర్ సర్వో ఉందే, 6 వోల్టుల దగ్గర 11 కేజీల టార్క్ ఇచ్చేది, దాని డేటాషీటులోనే స్టాల్ కరెంటు (మోటారు తిరగలేక ఆగినప్పుడు లాగేది) 2.5 ఆంపియర్లు అని ఉంటుంది. 11 కేజీలదే అంత లాగితే 25 కేజీలది ఎంత లాగుతుందో మీరే లెక్కేసుకోండి.

"స్టాల్ అంటే చక్రం ఇరుక్కున్నప్పుడే కదండీ" అంటారు కొందరు. అప్పుడొక్కటే కాదు. సర్వోలో మోటారు ఆగి ఉన్నచోట నుంచి కదిలే ప్రతిసారీ, ఇటు నుంచి అటు తిరిగే ప్రతిసారీ ఆ క్షణానికి దాదాపు అంత కరెంటూ లాగుతుంది. పైగా పాత అనలాగ్ సర్వో తన మోటారుకి సెకనుకు 50 సార్లు పల్స్ ఇస్తే, డిజిటల్ సర్వో సుమారు 300 సార్లు ఇస్తుంది. పట్టు గట్టిగా ఉండేది అందుకే, కరెంటు ఎక్కువ కావాల్సిందీ అందుకే.

అంత కరెంటు ఇవ్వలేక బీఈసీ వోల్టేజీ పడిపోతుంది. చాలా రిసీవర్లు మూడున్నర వోల్టుల చుట్టుపక్కలకు దిగితే ఆగిపోయి మళ్లీ మొదలవుతాయి. అలా తేరుకునే క్షణంలో చక్రాలు ఠక్కున ఓ పక్కకు తిరుగుతాయి. తిరిగాయంటే మళ్లీ కరెంటు లాగినట్టే, మళ్లీ వోల్టేజీ పడ్డట్టే. అలా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంట్లో బోరు మోటారు వేయగానే ట్యూబ్‌లైటు మినుకుమంటుంది కదా, ఇదీ అలాంటిదే. ఆ మాత్రానికి ట్యూబ్‌లైటు మార్చేవాళ్లుండరు. సర్వో దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ సర్వోనే మారుస్తారు.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. పదో తరగతి కుర్రాడు. పండగలకు వచ్చిన డబ్బులు దాచుకుని, తక్కువ పడితే నాన్నని బతిమాలి సర్వో కొనిపించుకున్నాడు. పీసు పాడైందని అమ్మినవాళ్లు మార్చి ఇచ్చారు, అదీ అంతే. "వీడే ఏదో కెలికి పాడుచేశాడండీ, ఇంక దీని మీద పైసా పెట్టను" అని తండ్రి అంటుంటే, ఆ పిల్లవాడు కిందకి చూస్తూ "నేనేం చెయ్యలేదంకుల్, మాన్యువల్‌లో ఉన్నట్టే పెట్టాను" అంటున్నాడు. బండి విప్పి చూశాను. నిజంగానే ముచ్చటగా బిగించాడు. తీగలు మోటారుకి తగలకుండా కట్టాడు, స్క్రూలు వదులవకుండా లాక్‌టైట్ జిగురు కూడా పెట్టుకున్నాడు. రిసీవర్‌కి వేరే బ్యాటరీ పెట్టి చూపించాను. స్టీరింగ్ కదలమన్నంతే కదిలి, ఆగమన్నచోట ఆగింది. "మీవాడి తప్పు రవ్వంత కూడా లేదండీ" అని తండ్రితో చెప్పాను. ఆ మాట బండి బాగైందన్న మాట కంటే ఎక్కువ అవసరం ఆ పిల్లవాడికి. ఇంట్లో మీ పిల్లల బండి కూడా ఇలాగే కొట్టుకుంటుంటే, దయచేసి వాళ్లని తిట్టకండి. పాడుచేస్తే వచ్చే లక్షణాలు కావివి.

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముందు బండిని స్టాండు మీద పెట్టి చక్రాలు గాల్లో ఉంచండి. స్టీరింగ్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. గాల్లో బాగానే తిరిగి, నేల మీద నిలబెట్టి తిప్పినప్పుడు వణికితే కరెంటు చాలడం లేదని దాదాపు ఖాయం. ఎందుకంటే ఆగి ఉన్న బండి చక్రాలు తిప్పడమే సర్వోకి అన్నిటికంటే బరువైన పని. సర్వో ముట్టుకోకుండా కేవలం పెద్ద టైర్లు వేసినా ఇదే జరుగుతుంది. థ్రాటిల్ నొక్కినప్పుడో బ్రేకు వేసినప్పుడో మాత్రమే కొట్టుకుంటుంటే కూడా అనుమానం ముందు బీఈసీ మీదికే పోవాలి.

తర్వాత అసలు పరీక్ష. పినియన్ (మోటారు చివర ఉండే చిన్న గేరు) వదులు చేసి మోటారుని గేర్ల నుంచి విడదీయండి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్లే ప్లగ్గులో మధ్యనున్న ఎర్ర తీగని, సన్నటి సూదితో ప్లాస్టిక్ నాలుక ఎత్తి, బయటికి లాగి టేపు చుట్టండి. ఆ ఎర్ర తీగ ఉండగా వేరే బ్యాటరీ పెట్టొద్దు, రెండు సప్లైలు ఒకదాని మీదొకటి పడతాయి. ఇప్పుడు రిసీవర్ బ్యాటరీ పోర్టుకి నాలుగు రీచార్జబుల్ ఏఏ సెల్స్ ఉన్న డబ్బా, అంటే 4.8 వోల్టులు, తగిలించండి. గోడ గడియారంలో వేసే సెల్స్ పనికిరావు, అవి ఆంపియర్లు ఇవ్వలేవు. ఈఎస్‌సీ కూడా ఆన్ చేసి స్టీరింగ్, థ్రాటిల్ రెండూ ఆడించండి. వణుకు పోయిందా? అయితే మీ సర్వో బంగారం. దాన్ని ఎవరికీ వాపసు ఇవ్వకండి.

మందు కూడా చిన్నదే. బయట బిగించుకునే స్విచింగ్ బీఈసీ (ఎక్కువ వేడెక్కకుండా వోల్టేజీ దించేది), కనీసం 5 ఆంపియర్లది, పెద్ద సర్వో అయితే 10 ఆంపియర్లది తీసుకోండి. ఇన్‌పుట్ బ్యాటరీ కనెక్టర్ దగ్గర సోల్డర్ చేసి, అవుట్‌పుట్ రిసీవర్ బ్యాటరీ పోర్టుకి పెట్టి, సర్వో తట్టుకునే వోల్టేజీకి, మామూలుగా 6కి, సెట్ చేయండి. ఈఎస్‌సీ ఎర్ర తీగ మాత్రం బయటే ఉండాలి. మంచి సర్వో ఖరీదులో ఇది చాలా తక్కువకే వస్తుంది.

ఈ సర్వో గొడవకే తోకల్లాంటి నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి, బీఈసీ వోల్టేజీ 6 నుంచి 7.4కి పెంచితే సరిపోతుందని. వోల్టేజీ పెరిగితే సర్వో లాగే కరెంటు ఇంకా పెరుగుతుంది. హెచ్‌వీ (హై వోల్టేజ్) అని లేని సర్వో అయితే కాలిపోతుంది కూడా. ఇంకోటి కెపాసిటర్. 4700 మైక్రోఫారడ్, 16 వోల్టులది రిసీవర్ ఖాళీ చానల్‌లో పెడితే వోల్టేజీ కొద్దికొద్దిగా పడిపోకుండా అది కాస్తుంది. మంచిదే, నేనూ పెడతాను. గీత ఉన్న కాలు నల్ల తీగకే వెళ్లాలి, తిరగేస్తే పేలుతుంది. కానీ 2 ఆంపియర్ల బీఈసీ మీద 25 కేజీల సర్వోని కెపాసిటర్ ఎంతకాలం మోస్తుంది? వీధి చివర దాకా బాగుండి, వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ మొదలవుతుంది.

అపోహ: బ్యాటరీ మార్చితే మోటారుకే తేడా, స్టీరింగ్‌కి సంబంధం లేదు

వాస్తవం: చాలా సంబంధం ఉంది, మన ఊళ్లో మరీను. 2ఎస్ (రెండు సెల్స్) తీసి 3ఎస్ (మూడు సెల్స్) లైపో బ్యాటరీ పెట్టిన వారంలోనే స్టీరింగ్ పిచ్చిగా ఆడిందని తీసుకొచ్చేవాళ్లుంటారు. చవక ఈఎస్‌సీల్లో ఉండేది లీనియర్ బీఈసీ. అది మిగిలిన వోల్టేజీనంతా వేడి కింద వదిలేస్తుంది. నిండుగా చార్జైన 2ఎస్ 8.4 వోల్టులు. 6కి దించి 2 ఆంపియర్లు ఇస్తుంటే వేడి 4.8 వాట్లు. అదే 3ఎస్ అయితే 12.6 నుంచి 6కి దించాలి, వేడి 13.2 వాట్లు. అంటే రెండున్నర రెట్లు దాటింది. పైన రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండ, కింద బ్యారేజీ దిగువన కాలే ఇసుక. మొదట బాగానే తిరిగి, నాలుగైదు నిమిషాలయ్యాక వణుకు మొదలై, నీడలో పెట్టి చల్లారాక మళ్లీ బాగైతే ఇదే కారణం. అప్పుడు ఈఎస్‌సీ మీద ఫ్యాను పెట్టడం కంటే బయటి స్విచింగ్ బీఈసీ పెట్టడమే సరైన పని. ఈలోగా ఆ బండిని మనుషులు తిరిగేచోట నడపొద్దు. స్టీరింగ్ చేతిలో లేని బండి, అందులోనూ 3ఎస్ మీద, ఎవరి కాళ్ల మీదికైనా పోతుంది.

అపోహ: సెల్‌టవర్ పక్కన ఉండటం వల్ల సిగ్నల్ కలుస్తోంది

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ఇక వదిలేయండి. పాత 27 మెగాహెర్ట్జ్ బొమ్మ కార్ల కాలంలో ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి తగలడం నిజమే. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు తమ రిసీవర్‌తో బైండ్ అయి (జత కట్టి), మామూలుగా చానళ్లు మారుతూ పనిచేస్తాయి. టవరు చేసే గొడవైతే మీరు థ్రాటిల్ నొక్కినప్పుడే ఎందుకొస్తుంది? చూడాల్సింది రిసీవర్ యాంటెనా. చివరన పైపొర లేకుండా ఉండే సుమారు 31 మిల్లీమీటర్ల తీగ తెగకూడదు, మడతపడి మోటారు తీగల మీద పడుకోకూడదు. అల్యూమినియం ఛాసిస్ వేసినవాళ్లు దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో నిలువుగా పైకి తీయండి. బ్రష్డ్ మోటారు అయితే, దాని మీద 104 అని రాసున్న చిన్న కెపాసిటర్లు ఉన్నాయో ఊడాయో కూడా ఒకసారి చూడండి.

అపోహ: అల్యూమినియం స్టీరింగ్ సెట్ వేస్తే వణుకు పోతుంది

వాస్తవం: చాలాసార్లు అదే తెచ్చిపెడుతుంది. కొత్త భాగాలు బిగుతుగా ఉంటే సర్వో వాటిని తోయడానికే స్టాల్ అవుతుంది, కథ మళ్లీ కరెంటు దగ్గరికే వస్తుంది. సర్వో లింకు ఊడదీసి చక్రాలని వేలితో తిప్పండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎక్కడా పట్టకుండా తిరగాలి. పట్టేస్తుంటే బెల్‌క్రాంక్ (సర్వో కదలికని చక్రాలకి అందించే మీట) స్క్రూ కొద్దిగా వదులు చేయండి. నది ఇసుకలో తిప్పే బళ్లకి బుష్‌లు కడగండి. లింకు మళ్లీ పెట్టాక రిమోట్‌లో ఎండ్ పాయింట్ (సర్వో ఎంతవరకు తిరగాలనే హద్దు) తగ్గించుకుంటూ రండి. చక్రం పూర్తిగా తిరిగినచోట సర్వో గుయ్యిమనకుండా ఉండాలి. మార్పులు చేసినవాళ్లలో చాలామంది ముట్టుకోని సెట్టింగ్ ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా ఇదే.

సర్వో హార్న్, అంటే సర్వో ఇరుసుకి బిగించే మీట గురించి ఒక మాట. ఇరుసు మీద స్ప్లైన్లు 23, 24, 25 పళ్లని రకాలుంటాయి. సరిపోని హార్న్‌ని వేడిచేసి దిగ్గొట్టడం, ఆటోనగర్‌లో లేతు మీద రంధ్రం పెద్దది చేయించడం వద్దు. పళ్లు అరిగిపోయి స్టీరింగ్ జారుతుంటే అదేదో సిగ్నల్ లోపం అనుకుని తిరుగుతారు.

అపోహ: గైరో ఉన్న రిసీవర్ పెడితే అన్నీ సర్దుకుంటాయి

వాస్తవం: గైరో అంటే బండి పక్కకు జారితే స్టీరింగ్ తనే సర్దేది. దాని గైన్ (సర్దే జోరు) ఎక్కువైతే గైరోయే చక్రాలని గబగబా అటూ ఇటూ ఆడిస్తుంది. గైన్ సున్నాకి తెచ్చి చూడండి. వణుకు ఆగితే కొద్దికొద్దిగా పెంచుకోండి. గైరో దిశ తిరగబడి ఉంటే బండి గిర్రున తిరుగుతుంది, అది రివర్స్ చేయాలి.

అపోహ: వేగమైన సర్వో ఎప్పుడూ మంచిదే

వాస్తవం: 60 డిగ్రీలు 0.20 సెకన్లలో తిరిగే సర్వో నుంచి 0.07 సెకన్ల సర్వోకి మారితే, ఏ లోపం లేకపోయినా బండి చేతికి దురుసుగా అనిపిస్తుంది. ఇది వణుకు కాదు. రిమోట్‌లో డ్యుయల్ రేట్ (స్టీరింగ్ మొత్తం ఎంత తిరగాలన్నది) తగ్గించండి, ఎక్స్‌పో (మధ్యలో స్టీరింగ్ ఎంత చురుగ్గా ఉండాలన్నది) మధ్యలో మెత్తబడేలా పెట్టండి. కంపెనీని బట్టి ఎక్స్‌పో ప్లస్సో మైనస్సో మారుతుంది కాబట్టి, నడిపే ముందు చక్రం చూసి నిర్ధారించుకోండి.

సర్వోలోకి స్ప్రేలు కొట్టడం మాత్రం వద్దే వద్దు. లోపల గ్రీజు కరిగి పోతుంది. ఏ లోడూ లేకుండా, లింకు ఊడదీసినా, వేరే బ్యాటరీ పెట్టినా ఒకే చోట వణికితే అప్పుడు ఆ సర్వోలో పొటెన్షియోమీటర్ (ఎంత తిరిగిందో కొలిచే భాగం) అరిగిందని. అది మార్చాల్సిన సర్వోయే.

బాగుచేయించడానికి ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా రిమోట్, మీరు రోజూ వాడే బ్యాటరీ, పాత సర్వో మూడూ వెంట తీసుకెళ్లండి. ఒట్టి బండి తెచ్చి "రిమోట్ ఇంట్లో ఉందండీ" అంటే ఏ పరీక్షా చేయలేం. పాత సర్వో ఉంటే దాన్ని తగిలించి రెంటికీ తేడా అక్కడికక్కడే మీకు చూపించొచ్చు.