శేషాచలం రాళ్లు, నీళ్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనానికి వచ్చే బృందాలకు అక్కడి రాతి పొరలను, నీటి దారులను చూపించి వివరించడం నా పని. 1989లో ఏర్పడిన ఈ ఉద్యానవనం శేషాచలం కొండల్లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. నడక మొదలైన కాసేపటికే నాకు తరచుగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఈ కొండలన్నీ ఒకే రాయి.

వాస్తవం: అడుగున ఉన్నది గ్రానైట్, దానిపై గోడలా నిలిచినది ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్. ఈ రెండూ కలిసే గీత తిరుమల ఘాట్ రోడ్డు పక్కన స్పష్టంగా కనిపిస్తుంది. కింది రాయికీ పై రాయికీ మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉందని చెబుతారు. ఆ కాలమంతా గ్రానైట్ అరుగుతూ వచ్చిందే తప్ప, దానిపై నిలిచి మిగిలిన పొర ఏదీ లేదు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ (రాతి పొరల మధ్య కాలపు ఎడం) అని పిలిచే ఈ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. బస్సు కిటికీలోంచి చూసేవారికి అది మామూలు రాతిగోడగానే తోస్తుంది గానీ, ఈ కొండల్లో చూడదగినవి ఏవని అడిగితే నేను మొదట చెప్పేది దాని గురించే.

పైనున్న క్వార్ట్‌జైట్ ఒకప్పుడు లోతు తక్కువ నీటి అడుగున పేరుకున్న ఇసుక. ఊడిపడిన పలక మీద చేయి ఆనిస్తే, ఏటి ఒడ్డున తడి ఇసుకపై అలలు వదిలే గీతల వంటివి కొన్నిచోట్ల వేళ్లకు తగులుతాయి. కొత్తగా విరిగిన అంచు పటికబెల్లంలా మెరుస్తుంది. ఎండకూ వానకూ నానిన పైభాగం మాత్రం ఇనుము తుప్పు వల్ల ఎర్రబారి ఉంటుంది.

అపోహ: తిరుమలలోని శిలాతోరణం మనుషులు చెక్కినది.

వాస్తవం: సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఆ తోరణం సహజంగా ఏర్పడినదే. రాతిలోని బలహీనమైన భాగాలు గాలికీ నీటికీ ముందుగా అరిగి రాలిపోగా, గట్టి భాగం వంతెనలా మిగిలింది.

అపోహ: ఎర్రచందనం చెట్టు చూడగానే ఎర్రగా ఉంటుంది.

వాస్తవం: ఎరుపు లోపలి చేవలోనే ఉంటుంది. బెరడు నల్లగా, నిలువుగానూ అడ్డంగానూ పగిలి మొసలి చర్మంలా కనిపిస్తుంది. ఇది ఆకు రాల్చే చెట్టు కనుక, ఎండాకాలంలో మోడువారిన కొండవాలును చూసి అడవి చచ్చిపోయిందని అనుకోకూడదు.

అపోహ: తలకోన జలపాతానికి పైన పెద్ద నది ఏదో ఉంది.

వాస్తవం: 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ నీరు కొండమీద కురిసిన వానదే. కొంత నేరుగా వాగుల్లోకి చేరితే, కొంత క్వార్ట్‌జైట్ పగుళ్లలోకి ఇంకి, నీటిని కిందికి దిగనివ్వని పొర అడ్డుపడిన చోట ఊటగా బయటికి వస్తుంది. అందుకే వాన వెలిసిన చాలా రోజుల తరువాత కూడా ధార ఆగదు. ఆ తేమ వల్లనే, పైన వాలు ఎండి ఉన్నా లోయలో గిల్లతీగలు చెట్లను అల్లుకొని పచ్చగా ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వానల తరువాత, నవంబరు, డిసెంబరు నెలల్లో జలపాతం నిండుగా ఉంటుంది. రాతి పొరలను ఒక్కొక్కటిగా చూడదలచినవారు మాత్రం ధార సన్నబడ్డాక రావడం మేలు.