వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒక మాట

నల్గొండ

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష సీపీగెట్ ర్యాంకులు వచ్చిన నాటి నుంచి మీ ఇద్దరికీ జరుగుతున్న వాదన గురించి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉస్మానియాలో సీటు రాకపోతే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదవడమే దండుగని మనవరాలు, ఎంఏ ఎకనామిక్స్‌కు మన మహాత్మాగాంధీ యూనివర్సిటీ చాలని మనవడు పట్టుబట్టారట. యూనివర్సిటీ పేరు ఎవరి కంట పడుతుందో చూసుకుంటే ఈ వాదన సగం తేలిపోతుంది.

మనవడి సంగతి తేలికే. వాడు జూనియర్ లెక్చరర్ కావాలనుకుంటున్నాడు, డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠం చెప్పడానికి పెట్టే అర్హత పరీక్ష నెట్ కూడా రాస్తానంటున్నాడు. నెట్‌కు పీజీలో 55 శాతం మార్కులు, కొన్ని రిజర్వేషన్ వర్గాలవారికి 50 శాతం అడుగుతారే తప్ప అవి ఏ క్యాంపస్‌లో తెచ్చుకున్నావని అడగరు. పరిశోధన చేసేవారికిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు ఇచ్చే 37,000 రూపాయలూ అందరికీ ఒక్కటే. యూజీసీ గుర్తింపు ఉన్న డిగ్రీయేనా కాదా అన్నది మాత్రం ఫీజు కట్టకముందే చూసుకోవాలి. ఎంబీఏ అయితే నేను ఇలా చెప్పేవాణ్ణి కాదు. అక్కడ కంపెనీలు క్యాంపస్‌లను ఏరుకొని వస్తాయి కనుక పేరుకు డబ్బు పెట్టినా తప్పులేదు.

మనవరాలి విషయం వేరు. చదువయ్యాక చౌటుప్పల్ వైపో, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోనో ఉన్న మందుల కంపెనీల్లో చేరాలని ఉందంది. నాకు జరిగింది చెబుతాను. నేను చదివిన చోటు పేరు ఇక్కడ రాయను కానీ, పేరున్న చోటే. ఆ పేరు చూసే ఒక కంపెనీ వారు ఇంటర్వ్యూకు పిలిచారు. రియాక్షన్ అయిపోయిందని ఎలా తెలుసుకుంటావని అడిగితే టీఎల్‌సీ అనే, మిశ్రమంలోని పదార్థాలను ప్లేటు మీద విడదీసి చూసే పరీక్ష పెడతానని గడగడా చెప్పాను. అయితే పెట్టి చూపించమని సిలికా ప్లేటు చేతికిచ్చారు. ముడిపదార్థాన్నీ రియాక్షన్ మిశ్రమాన్నీ సన్నని గాజు గొట్టంతో పక్కపక్కన చుక్కలు పెట్టాలి. ఇథైల్ అసిటేట్, హెక్సేన్ కలిపిన ద్రావణంలో ప్లేటును నడిపాక, మిశ్రమం వరుసలో ముడిపదార్థం చుక్క కనబడకుండా పోతే పని అయినట్టు. నేను పెట్టిన చుక్కలు చింతగింజలంత అయ్యి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మా ల్యాబులో ఇరవై మందికి ఒక్క ప్లేటు పెట్టి సారే చూపించేవారు, మేము రికార్డులో బొమ్మ గీసుకునేవాళ్లం. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా, నా పిల్లల చేత ప్లేటు పెట్టించనిదే రికార్డు మీద సంతకం చేయలేదు.

ఇదంతా విని పేరు ఉత్తదేనని అనుకోకు తల్లీ. నీ మనసు పరిశోధన మీదికి మళ్లితే గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకో, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఐఐటీకో వెళ్లడానికి ఒక ఏడాది పోయినా పరవాలేదంటాను. అలాంటి చోట అణువు నిర్మాణాన్ని తేల్చే ఎన్ఎంఆర్ వంటి యంత్రాలు క్యాంపస్‌లోనే ఉంటాయి, నీ పక్క బల్ల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లు ఉంటారు, రేపు నీ గురించి ఉత్తరం రాసే గైడ్‌ను విదేశాల్లో కూడా ఎరిగినవారుంటారు. పేరు అనేది అక్కడ ఒట్టి బోర్డు కాదు, పనిముట్టు. మన జిల్లా యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో మొదలయ్యాయి. 1918 నాటి ఉస్మానియాతో పేరులో పోటీ పడమంటే అవి ఎట్లా పడతాయి? కానీ కంపెనీ ఉద్యోగమే నీ గురి అయితే, ఒక్కో బల్ల దగ్గర ఎంతమంది నిలబడుతున్నారు, రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, నిరుడు బయటికి వచ్చినవాళ్లు ఎక్కడ చేరారు అన్నవే నువ్వు అడగవలసిన ప్రశ్నలు. వాటికి జవాబు వెబ్‌సైటులో బొమ్మలు చూస్తే దొరకదు. పెద్ద పేరున్న చోటైనా సరే, ఇవే అడుగు.

ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్‌లో పెట్టే ఆప్షన్లు ఇక మార్చకుండా ఫ్రీజ్ చేయడానికి ఇంకా గడువుందని మీ అమ్మ అంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి బస్టాండు దగ్గర ఉంటాను, ఇద్దరూ రండి. ముందు ఇక్కడి ల్యాబు, మర్నాడు హైదరాబాదుది చూద్దాం. సింకుల్లో నీళ్లు వస్తున్నాయో లేదో, విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో ఫ్యాను తిరుగుతుందో లేదో నేను చూస్తాను. సీనియర్లతో మీరు మాట్లాడండి.

మీ
తాతయ్య