జైళ్లలో సుఖవ్యాధులు: అపోహలు - వాస్తవాలు

జైలు ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా నేను ఖైదీల కుటుంబాల నుంచీ, కొందరు సిబ్బంది నుంచీ తరచుగా వినే మాటలివి.

అపోహ: లోపలికి వచ్చిన రోజే రక్తపరీక్ష చేస్తారు. అందులో ఏమీ తేలకపోతే ఇక భయం లేదు.

వాస్తవం: హెచ్‌ఐవీ సోకాక మామూలు యాంటీబాడీ పరీక్షలో (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష) బయటపడడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. అరెస్టుకు వారం ముందు సోకి ఉంటే ఆ రోజు ‘నెగటివ్’ అనే వస్తుంది. అందుకే మళ్లీ పరీక్ష చేయాలి. పైగా హెచ్‌ఐవీ పరీక్షలో సిఫిలిస్, గనేరియా తెలియవు. వాటి పరీక్షలు వేరు. 2017 హెచ్‌ఐవీ చట్టంలోని 31వ సెక్షన్ రిమాండ్‌లో ఉన్నవారికీ, శిక్ష పడినవారికీ నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్సలను హక్కుగా ఇచ్చింది. ఇది ఎవరో దయతలచి చేసే పని కాదు.

అపోహ: జబ్బుంటే ఖైదీయే చెబుతాడు.

వాస్తవం: ఎలా చెబుతాడు? వెనకాల వరసలో తన బ్యారక్ వాళ్లే ఉంటారు, గుమ్మంలో వార్డరు నిలబడి ఉంటాడు. మూత్రంలో చీము పడుతున్న మనిషి డాక్టరు అడగ్గానే ‘కడుపునొప్పి’ అంటాడు. అరుగుదల మాత్రలు తీసుకుని వెళ్లిపోతాడు. తలుపు వేసి, ఒక్కడినే కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతట అదే మానుతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. తొలి దశలో పట్టుకుంటే బెంజాథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదుతో నయమవుతుంది. బయట ఉన్న భార్యకు కూడా పరీక్ష, చికిత్స అందాలి.

అపోహ: కండోములు ఇస్తే లేని అలవాటు నేర్పినట్టే.

వాస్తవం: 1994లో తీహార్ జైల్లో కండోములు ఇవ్వాలన్న సూచనను అధికారులు ఒప్పుకోలేదు. అప్పటి నుంచీ ఈ వాదన వినిపిస్తూనే ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ జైళ్లలో 1996 నుంచి కండోములు ఇస్తున్నారు. దానివల్ల లైంగిక చర్యలు పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. కళ్లు మూసుకుంటే జబ్బు ఆగదు. బలవంతం జరిగినచోట కండోము ఉపయోగపడదన్నదీ నిజమే. అలాంటప్పుడు బాధితుడికి 72 గంటల్లోపు, వీలైతే కొన్ని గంటల్లోనే, హెచ్‌ఐవీ నిరోధక మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడించాలి. ఈ విషయం వార్డర్లకు కూడా తెలిసి ఉండాలి.

అపోహ: హెచ్‌ఐవీ ఉన్నవారిని వేరే గదిలో పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. కలిసి తిన్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా సోకదు. పంచుకోకూడనివి గడ్డం బ్లేడు, పచ్చబొట్టు సూది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి వాటితో వ్యాపిస్తాయి. హెపటైటిస్ బికి మూడు మోతాదుల టీకా ఉంది.

అపోహ: విడుదలయ్యాక బయట చూసుకోవచ్చు.

వాస్తవం: బెయిలు ఉత్తర్వు సాయంత్రం అందుతుంది, మనిషి ఉన్నపళంగా వెళ్లిపోతాడు, మందులు లోపలే ఉండిపోతాయి. ఏఆర్‌టీ మాత్రలు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) మధ్యలో ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఇంటికి దగ్గర్లోని ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ కాగితం, కొన్ని రోజులకు సరిపడా మాత్రలు ముందుగానే సిద్ధం చేయించండి. కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం.