‘రిక్తునిగా చేసికొనెను’: ఒక క్రియ వెనుక కథ

రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసన్ దంపతులు 1890లో నల్లగొండలో మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ సేవ మొదలుపెట్టారు. తరువాత అది పాలమూరు వైపు నాగర్‌కర్నూల్, జడ్చర్ల, గద్వాల దాకా విస్తరించింది. ఆ సంఘాల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఏడో వచనం తెలియని విశ్వాసి అరుదు: క్రీస్తు “మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను.” మాటల్లో ‘వట్టి చేతులు’ అనే మనకు ‘రిక్తుడు’, అంటే ఏమీ లేనివాడు, గుడిలో వినిపించే పదమే.

ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు ఈ మాటను సిద్ధాంతం చెప్పడానికి రాయలేదు. కక్షలు మాని ఎదుటివారిని యోగ్యులుగా ఎంచండని సంఘాన్ని హెచ్చరిస్తూ రాశాడు. అయితే దేవుడైన క్రీస్తు దేనిని వదులుకున్నాడన్న ప్రశ్న తరువాతివారిని వదల్లేదు. రోమా పోపు లియో 449లో, ఇది కనికరంతో వంగడమే తప్ప శక్తి తగ్గడం కాదన్నాడు. క్రైస్తవ సంఘ నాయకులు కూడిన 451 నాటి కాల్సెడన్ మహాసభ క్రీస్తు దైవత్వం, మనుష్యత్వం రెండూ ఒకే వ్యక్తిలో కలగాపులగం కాకుండా ఉన్నాయని తేల్చింది. పదిహేడో శతాబ్దంలో జర్మనీలో లూథర్ బాట పట్టిన ప్రొటెస్టంట్లైన లూథరన్లలోనే చీలిక వచ్చింది. భూమ్మీద క్రీస్తు తన దైవశక్తిని చాటుగా వాడాడని ట్యూబింగెన్ పండితులు, సాధారణంగా వాడకుండా ఉండిపోయాడని గీసెన్ పండితులు వాదించుకున్నారు. శక్తి ఆయన దగ్గరే ఉందన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. దాన్ని దాటినవాడు పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ లూథరన్ పండితుడు గాట్‌ఫ్రీడ్ థొమాసియస్. సర్వజ్ఞత, సర్వశక్తి, సర్వవ్యాపకత్వాలను కుమారుడు విడిచిపెట్టాడనీ, ప్రేమ, పరిశుద్ధత, సత్యం మిగిలాయనీ ఆయన విభజించాడు. దైవత్వాన్ని ఇలా పాళ్లు వేయడం నాకు అతుకులబొంతగానే కనిపిస్తుంది. 1951లో పోపు పన్నెండో పయస్ ఇటువంటి బోధను త్రోసిపుచ్చాడు.

తెలుగు వాక్యం ఈ తగవులో తెలియకుండానే ఒక పక్షం వహించింది. గ్రీకులో ‘రిక్తుణ్ణి చేసుకోవడం’ ముందు, దాసరూపం తరువాత. మన అనువాదంలో “పుట్టి”, “ధరించుకొని” ముందు వచ్చి, రిక్తత చివరి క్రియ అయింది. అందువల్ల ఏదో పోగొట్టుకోవడం కన్నా, దాసరూపం తెచ్చుకోవడమే రిక్తత అన్న అర్థం బలపడుతుంది.

ఆ దాసరూపం ఇక్కడివారికి అలంకారం కాదు. ఈ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవారు. నిజాం కాలంలో దొరల ఇళ్లకూ అధికారులకూ కూలి లేని వెట్టి చేసినవారు. వారిని రిక్తులుగా చేసింది ఇతరులు. “తన్ను తానే” అన్న రెండు మాటలు పలకకుండా ఈ వచనాన్ని అణకువ పాఠంగా చెబితే, పౌలు పైవారికి చేసిన హెచ్చరిక కిందివారి మీదికి తిరుగుతుంది.